పెనుకొండలో డబ్బా చేప అన్నం

అనంతపురం స్టేషన్లో దిగేసరికి ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. కార్తీక మాసం. వైజాగ్‌లో ఈ రోజుల్లో కూడా తెల్లవారుజామున ఒంటికి కాస్త జిడ్డు అంటుకునే ఉంటుంది. ఇక్కడ గాలి పొడిగా, చల్లగా తగిలి పెదాలు అప్పుడే ఆరిపోయాయి. బస్టాండు పక్కన ఒక బండి మీద వేడివేడిగా ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెడుతున్నారు. బొరుగులు నీళ్లలో తడిపి, పిండి, ఉల్లిపాయలతో తాలింపు వేసి, పుట్నాల పొడి కలిపి ఇస్తారు. మా వైపు మరమరాలంటే సాయంత్రం కాలక్షేపానికే. పొద్దున్నే పళ్లెం నిండా పెట్టుకుని టిఫిన్ చెయ్యడం నాకు కొత్త. బజ్జీ ఒక ముక్క కొరకడం, వెంటనే గుప్పెడు ఉగ్గాని నోట్లో వేసుకోవడం. మీరు ఎప్పుడైనా వెళితే ఇడ్లీ, దోసెల జోలికి పోకుండా ఇదే తినండి.

నేను బయల్దేరింది మాత్రం ఇంకో తిండి కోసం. పెనుకొండలో స్థిరపడ్డ నా హాస్టల్ స్నేహితురాలు, సముద్రం లేని ఊళ్లో సముద్రపు చేప తినిపిస్తాను రమ్మని ఎన్నాళ్ల నుంచో పిలుస్తోంది. హార్బర్‌కి కూతవేటు దూరంలో పుట్టి పెరిగినదాన్ని. నాకు చేప తినిపించడానికి అనంతపురం పిలవడమేమిటని ఆశ్చర్యం. ఆ ఆశ్చర్యమే నన్ను రైలెక్కించింది.

బస్సు బెంగళూరు వైపు 44వ నంబరు జాతీయ రహదారి పట్టింది. రాప్తాడు దాటాక రెండు వైపులా ఎర్ర నేల, రాళ్ల గుట్టలు, మధ్య మధ్య గొర్రెల మందలు. వేరుశనగ పీకేసిన చేలల్లో చెట్లు కుప్పలుగా పడున్నాయి. ఈ జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. మా విశాఖలో వెయ్యి దాటుతుంది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అటువైపే ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనాలు ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడిపోతాయి. రెండింటికీ దూరమైన ఈ పీఠభూమిలో వేరుశనగ ఒక్కటే రైతును వదలకుండా పట్టుకుంది. చెన్నేకొత్తపల్లి దగ్గరకొచ్చేసరికి రామగిరి వైపు కొండల మీద గాలిమరలు కనిపించాయి. వాన రాకపోయినా గాలికి కొదవ లేదు.

పెనుకొండ ఇంకా కొంచెం దూరం ఉందనగా ఎర్రమంచి దగ్గర ఒక్కసారిగా దృశ్యం మారిపోతుంది. చూసినంత మేరా తెల్లటి షెడ్లు, వరసగా నిలబెట్టిన కొత్త కార్లు. ఇది కొరియా కంపెనీ కియా కార్ల ఫ్యాక్టరీ. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 536 ఎకరాల్లో కట్టారు. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారు చేసే సామర్థ్యం ఉందంటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇది శ్రీ సత్యసాయి జిల్లా అయింది గానీ, బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయనకు ఇప్పటికీ ఇదంతా అనంతపురమే.

విదేశీయులు ఈ నేలకు కొత్త కాదు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో పని మొదలుపెట్టి ఇక్కడే కన్నుమూశారు. పుట్టపర్తి వీధుల్లో ఇటలీ వాళ్లను, జపాన్ వాళ్లను చూసి జనం ఎప్పుడో అలవాటుపడిపోయారు. కానీ కొరియా వాళ్లు ఉద్యోగాలకు వచ్చారు, కాపురాలు పెట్టారు, వాళ్ల వెనకాల వాళ్ల వంటిల్లు వచ్చింది. రోడ్డు పక్కన ఒక టీ కొట్టు, ఒక టైర్ల షాపు, ఆ పక్కన గుండ్రాలు, నిలువు గీతలు, అడ్డగీతలతో ఒక బోర్డు. కాస్త ముందుకెళితే అలాంటిదే ఇంకొకటి. తెలుగు అక్షరం ఒక్కటైనా లేదు, ఇంగ్లీషూ లేదు. నా దేశంలో, నా రాష్ట్రంలో, నేను చదవలేని హోటల్ బోర్డుల మధ్య దిగడం చాలా వింతగా, అంతే సరదాగా అనిపించింది.

స్నేహితురాలికి ఆ పూట స్కూల్లో డ్యూటీ. హోటల్ బోర్డు ఫోటో పంపి, నువ్వు వెళ్లి తినెయ్, సాయంత్రం ఇంట్లో కలుద్దాం అంది. ఫోన్‌లో మ్యాప్ నన్ను ఒక లేఅవుట్‌లోకి తీసుకెళ్లి, ఖాళీ ప్లాట్ల మధ్య నిలబెట్టింది. ఎండ చురుక్కుమంటోంది. ఒక ఆటో ఆగింది.

"యాడికి పోవల్ల మేడమ్?"

కొరియా వాళ్ల హోటల్ అన్నాను.

"అవి శానా ఉండాయి. మీకు ఏ బోర్డుది కావల్ల? ఎర్ర బోర్డుదా, పచ్చ బోర్డుదా?"

ఫోటో చూపించాను. అతను ఫోన్ చేతిలోకి తీసుకుని, అక్షరాల మీద వేలు పెట్టి, "ఈ సున్నా కింద గీత, పక్కన నిచ్చెన మాదిరి ఉండాది చూడండి, ఇది రైల్వే గేటు పక్కది" అన్నాడు. చదవడం రాకుండానే అన్ని బోర్డులనూ ఆకారంతో గుర్తుపెట్టుకున్నాడు. సరిగ్గా ఆ గుమ్మం ముందే దించాడు.

లోపల చెప్పులు విప్పాలి. ఒక పక్క టేబుళ్లు, ఇంకో పక్క నేల మీద కూర్చునే గదులు. బూడిద రంగు చొక్కాల్లో ఫ్యాక్టరీ వాళ్లు, కొరియన్లూ మనవాళ్లూ కలిసి భోంచేస్తున్నారు. కూర్చున్నానో లేదో, ఇంకా ఏమీ అడగకుండానే చిన్న చిన్న గిన్నెలు వచ్చేశాయి. కారం పట్టించి పులియబెట్టిన క్యాబేజీ, ఉప్పు నీళ్లలో ఉడికించిన మొలకలు, వెల్లుల్లి, నువ్వులు వేసి మగ్గబెట్టిన సొరకాయ. వీటికి వేరే డబ్బు లేదు, అయిపోతే మళ్లీ పెడతారు. మన భోజనం హోటల్లో పప్పు, కూర, పచ్చడి అడక్కుండా వచ్చినట్టే. సొరకాయ మాత్రం ఇక్కడిదే. వాళ్ల దేశపు లేత గుమ్మడి దొరక్క సొరకాయతో చేస్తున్నారట. నాకైతే దానికోసమే మళ్లీ వెళ్లాలనుంది.

తర్వాత అసలు గిన్నె వచ్చింది. వేడి అన్నం మీద ఒక వైపు సన్నగా దారాల్లా కోసిన గుడ్డట్టు, ఒక వైపు సోయా సాస్‌లో మగ్గిన ఉల్లిపాయలు, నడిమధ్యన మయొనైజ్ కలిపిన టూనా చేప. దాని పైన సముద్రపు నాచును కాగితంలా ఎండబెట్టి కాల్చి, కత్తెరతో సన్నగా కత్తిరించి చల్లారు. నేను చూస్తుండగానే అన్నం ఆవిరి తగిలి ఆ నల్ల పీచులు ఒక్కొక్కటే మెల్లగా ముడుచుకుని, తడిసి, చేప మీదకి ఒరిగాయి. కొరియా వాళ్లు దీన్ని చమ్చి మాయో దొప్‌బాప్ అంటారు. పొడుగాటి స్టీలు చెంచా ఇచ్చారు. కలిపి తినాలి. ముందు నాచు ఉప్పదనం తగిలింది, వెనకాలే చేప మెత్తదనం, ఆ తర్వాత ఉల్లిపాయ తీపి. ముల్లు లేదు. చేప తింటున్నప్పుడు నాలుక ముల్లు కోసం వెతకకపోవడం నాకు అదే మొదటిసారి.

మా ఇంట్లో చేప కొనడమంటే పెద్ద తతంగం. మొప్ప ఎత్తి ఎరుపు చూడాలి, కన్ను మెరుస్తోందా చూడాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు. వంజరం, చందువ దొరికితే ఆ రోజు పండగ. టూనాని మా హార్బర్‌లో సూర అంటారు. పూడిమడక లాంటి ఊళ్ల జాలర్లు గాలాలతో లోతు నీళ్లకు వెళ్లి పట్టుకొస్తారు. చాలావరకు ఎగుమతికి పోతుంది, ఇళ్లలో వండుకునేవాళ్లు తక్కువే. ఆ చేపను నేను ఇష్టంగా తిన్నది ఎటు చూసినా సముద్రానికి 250 కిలోమీటర్లు తగ్గని చోట, అదీ డబ్బాలోంచి తీసింది.

రద్దీ తగ్గాక యజమానురాలు వంటింట్లోకి రానిచ్చింది. ఆమె కొరియన్, వంట చేసేది మాత్రం పక్క పల్లె నుంచి వచ్చే మనమ్మాయి. నడుముకి కొంగు బిగించి, డబ్బా మూత రింగు పట్టుకుని ఒక్క లాగు లాగింది. లోపల గులాబీ ఛాయలో గట్టిగా ఒత్తిన ముక్కలు, పైన పల్చగా నూనె.

"మొదట్లో ఈ వాసనకు మొగం తిప్పుకుంటాంటినక్కా," అంది. "ఇప్పుడు మా పిల్లోడు ఇంట్లో ఇదే కావల్లని మారాం చేస్తాడు."

కొరియాలో టూనా డబ్బా అమ్మకానికి వచ్చింది 1982లో, డాంగ్‌వన్ అనే కంపెనీ తెచ్చింది. ఈ కొద్ది కాలంలోనే అది వాళ్ల ఇళ్లలో పప్పుకీ ఉప్పుకీ సమానమైపోయింది. పండక్కి చుట్టాలకు అట్టపెట్టెల్లో డబ్బాలు పెట్టి కానుకగా ఇస్తారు. డబ్బాలో చేపను మూత బిగించాక ఆవిరి ఒత్తిడిలో, మరిగే నీటి కంటే బాగా ఎక్కువ వేడిలో ఉడికిస్తారు. క్రిములన్నీ చస్తాయి, బయటి గాలి తగలదు. అందుకే ఫ్రిజ్ లేకుండా ఏళ్ల తరబడి నిలవుంటుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని పల్లెలో, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో సముద్రపు చేప చెడకుండా ఉండాలంటే ఇంతకంటే మంచి దారి నాకు కనబడదు.

ఆ అమ్మాయి దగ్గర నేర్చుకున్న అసలు రహస్యం అన్నంలో ఉంది. వాళ్ల బియ్యం పొట్టిగా, గుండ్రంగా ఉండి, ఉడికితే ఒకదానికొకటి అంటుకుంటాయి. మనకు పొడిపొడిగా రాలకపోతే అన్నం వండడం రాదని పేరు. కొరియా బియ్యం బస్తా అయిపోయిన రోజుల్లో ఏం చేస్తావని అడిగితే, "కొత్త బియ్యం వాడతానక్కా" అంది. ఎంత తేలిక! కోత కాగానే వచ్చే సోనా మసూరి ముద్దవుతుందని మనం ఆర్నెల్లు, ఏడాది ఆగి పాతబడ్డాక వండుకుంటాం. మన ఇళ్లలో కొత్త బియ్యానికున్న ఆ లోపమే ఈ గిన్నెకు కావలసిన గుణం. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, అరగంట నానబెట్టి, మామూలు కంటే కొంచెం ఎక్కువ నీళ్లతో వండి, పొయ్యి ఆపాక పది నిమిషాలు మూత తియ్యకూడదు.

జపాన్ వాళ్ల సుషీ రుచి కావాలనే వాళ్లకు ఇదే గిన్నెను ఆమె వేరేలా చేస్తుంది. కొరియా పద్ధతిలో అన్నానికి నువ్వుల నూనె, ఉప్పు పట్టిస్తారు. సుషీకైతే వెనిగర్, పంచదార, ఉప్పు. సుషీ అనగానే మనకు పచ్చి చేపే గుర్తొస్తుంది గానీ, దానికి ప్రాణం ఆ పుల్లటి అన్నం. పూర్వం చేపను ఉప్పు పట్టించి అన్నంలో పాతిపెట్టి నెలల తరబడి పులియబెట్టేవారు. చేప తిని అన్నం పారేసేవారు. పోను పోను అంతకాలం ఆగే ఓపిక లేక అన్నంలోనే వెనిగర్ కలపడం మొదలైంది. దాన్ని చుట్టకుండా, ముద్ద చెయ్యకుండా, గిన్నెలో పరిచి పైన చేపా కూరగాయలూ చల్లితే చిరాషీ అంటారు. ఇంట్లో చేసుకోవడానికి అన్నిటికంటే సులువైనది అదే.

సాయంత్రం దాకా ఊరు తిరిగాను. 1565 యుద్ధంలో ఓడి హంపీ పాడైపోయాక విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికి మార్చారు. గగన్ మహల్ ఇంకా నిలిచే ఉంది. ఊరి బయట నిద్రపోతున్న కుంభకర్ణుడి పెద్ద బొమ్మ, ఆయన్ని లేపడానికి మీదెక్కిన రాక్షసులు. పిల్లలతో వెళితే అక్కడే పూట గడిచిపోతుంది. నన్ను ఎక్కువగా కట్టిపడేసింది గొల్లపల్లి జలాశయం. శ్రీశైలం వెనక నీళ్లను మాల్యాల దగ్గర తోడి, హంద్రీ నీవా కాలువలో పంపుల మీద పంపులు పెట్టి ఎక్కిస్తూ, జీడిపల్లి మీదుగా ఇక్కడిదాకా తెచ్చారు. ఫ్యాక్టరీకి నీళ్లు ఇక్కడి నుంచే. ఎర్రటి గుట్టల నడుమ అంత నీలం చూసి చాలాసేపు గట్టు మీదే కూర్చున్నాను. గట్టు దగ్గర ఒకాయన బొచ్చె, రాగండి అమ్ముతున్నాడు. అవి పులుసుకి బ్రహ్మాండంగా ఉంటాయి. ఈ గిన్నెలోకి మాత్రం వద్దు, సన్న ముళ్లు ఎక్కువ. సుషీ పేరు చెప్పి చెరువు చేపను పచ్చిగా తినాలని మాత్రం ఎవరూ ప్రయత్నించకండి. మంచినీటి చేపల్లో మనిషికి పట్టే పురుగులుంటాయి. సముద్రపు చేపనైనా పచ్చిగా తినాలంటే సున్నాకు 20 డిగ్రీల దిగువన వారం రోజులు గడ్డకట్టించాలి. డబ్బా చేప అప్పటికే ఉడికి ఉంటుంది, భయం లేదు.

రాత్రి స్నేహితురాలి ఇంట్లో వంట నాది. వాళ్ల అత్తమ్మ కార్తీకం నెలంతా నీచు ముట్టదు. అందుకని డబ్బా పెరట్లో తెరిచి, వేరే గిన్నెలో కలుపుకోమంది. అన్నంలోకి వెనిగర్ సీసా తీయబోతుంటే వచ్చి చూసింది.

"ఏమ్మా, అన్నంలోకి అది పోసేదేంది? ఇంట్లో నిమ్మకాయల్లేవా?"

ఆమె మాటే సరైనదని తిన్నాక తెలిసింది. ఒక గ్లాసు బియ్యం అన్నానికి ఒకటిన్నర నిమ్మకాయ రసం, ఒక పెద్ద చెంచా పంచదార, అర చెంచా ఉప్పు కరిగించి, వేడన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి, పైన చల్లుతూ గరిటె అంచుతో కోస్తున్నట్టు కలిపాను. మెదిపితే గంజి అవుతుంది. నిమ్మరసాన్ని పొయ్యి మీద వేడి చెయ్యొద్దు, చేదెక్కుతుంది. ఈ జాగ్రత్త చిత్రాన్నం చేసేవాళ్లందరికీ తెలిసిందే. ఒకరు విసురుతుంటే ఒకరు కలిపితే అన్నానికి మెరుపు వస్తుంది. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి.

చేపకు 185 గ్రాముల డబ్బా ఒకటి ఇద్దరికి సరిపోతుంది. కేరళలో తయారయ్యేవి మన సూపర్ మార్కెట్లలో దొరుకుతున్నాయి, కొరియా డబ్బా కోసం వెతుక్కోనక్కర్లేదు. నూనె పూర్తిగా వంచేసి, చేత్తో విడదీసి, రెండు చెంచాల మయొనైజ్, ఒక చిన్న చెంచా సోయా సాస్, సన్నగా తరిగిన పచ్చిమిరపకాయ కలపండి. పైకి కీరదోస, క్యారెట్, గుడ్డట్టు చీలికలు. కొరియా వాళ్ల నూనె వేయించిన నువ్వులది, మన గానుగ నూనెకు ఆ వాసన రాదు. అందుకని నువ్వులే దోరగా వేయించి నలిపి చల్లాను. నాచు బెంగళూరు వెళ్లినవాళ్లు తెస్తేనే దొరుకుతుంది. దాని బదులు స్నేహితురాలు కాల్చిన అప్పడం నలిపి వేసింది. ఉప్పదనం, కరకర రెండూ కుదిరాయి. మిగిలిన చేపను డబ్బాలోనే ఉంచకుండా స్టీలు గిన్నెలోకి మార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికల్లా తినేయండి. ఉబ్బిన డబ్బా, అంచు నొక్కుకుపోయిన డబ్బా కొనకండి.

అత్తమ్మ గిన్నె వేరు. అదే పుల్లన్నం, దాని మీద ఆ రోజే పొలం నుంచి వచ్చిన పచ్చి శెనక్కాయలు ఉడికించి ఒలిచిన గింజలు, మయొనైజ్‌కి బదులు గట్టి పెరుగు. గింజలు మెత్తగా, లోపల తియ్యగా, పుల్లటన్నంతో ఎంత బాగా కుదిరాయంటే, నా చేప గిన్నె పక్కన పెట్టి నేను రెండోసారి వడ్డించుకున్నది అదే. మాంసం, చేప తినని పాఠకులు ఈ గిన్నె తప్పకుండా చేసుకోవాలి. అత్తమ్మ తిని, కొంచెం ఆలోచించి, "బియ్యం బదులు కొర్రలైతే ఇంకా బాగుంటాదేమో" అంది. మర్నాడు కొర్రన్నంతో చేశాం. బియ్యంలా అంటుకోదు, చెంచాలోంచి జారుతుంది, కానీ నిమ్మరసాన్ని బాగా పీల్చుకుంటుంది, నిదానంగా నమిలితే కమ్మగా ఉంటుంది. నాకు ఇంకా బియ్యానిదే నచ్చింది. అత్తమ్మ ఒప్పుకోలేదు.

మీరు వెళ్లాలనుకుంటే కోతల కాలంలో వెళ్లండి, పచ్చి శెనక్కాయలు అప్పుడే దొరుకుతాయి. బెంగళూరు నుంచైతే బస్సులో మూడు గంటల దారి, మనవైపు నుంచి రాత్రి రైలు. ఆదివారం కొరియా కుటుంబాలన్నీ పిల్లలతో హోటళ్లకే వస్తాయి, చోటు దొరకడం కష్టం. మామూలు రోజున, షిఫ్టు భోజనాల వేళ దాటాక వెళ్లండి. బోర్డు చదవలేక ఆగిపోవద్దు. ఫోటో ఒకటి దగ్గరుంచుకుని ఏ ఆటో ఆయనకు చూపించినా చాలు.